మిగిలిన పిన్ను

ఖమ్మం,
14-6-1986.

తమ్ముడు జంపయ్యకు,

మీ అన్న రామన్న రాయునది. ఏడో తరగతితో ఆపినవాణ్ణి, తప్పులుంటే దిద్దుకుని చదువు. ఇన్నాళ్లకు ఉత్తరమేమిటి, ఇందులో ఏం పెట్టి పంపాడోనని కవరు దులిపి చూసి ఉంటావు. ఏమీ లేదురా. ఈసారి నేనే ఉన్నాను.

బోనకల్ బసవపున్నయ్య గారి పాత కారు సంగతి రాస్తున్నాను. వాళ్ల నాన్న నడిపిన ముప్పై ఎనిమిది మోడలు. పదేళ్లు కోళ్లు గుడ్లు పెట్టిన ఆ ఇంజన్ని మన షెడ్డులో నాలుగు నెలలు కూర్చుని నువ్వే మళ్లీ మనిషిని చేశావు. చేతికి మసి తప్ప చెడ్డపేరు అంటనివాడివి. నేనో? షెడ్డు నాది, వెకిలితనమూ నాదే. నువ్వు ఇంజను బిగించి చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, నీ బల్ల మీద ఎక్కడిదో ఒక పాత వాషరో నట్టో పెట్టేవాణ్ణి. ఒక ముక్క మిగిలిపోయిందని నువ్వు మళ్లీ అంతా విప్పేవాడివి. డ్రైవర్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. మూడుసార్లు విప్పించాను. మూడోసారి నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చూశాను. అయినా నవ్వాను.

ఆ రోజు కారు బిగించడం అయిపోయింది. గుడ్డ దులిపితే ఒక స్ప్లిట్ పిన్ను కిందపడింది. కనెక్టింగ్ రాడ్డు నట్టు తిరిగిపోకుండా దాంట్లోంచి దూర్చి కాళ్లు మడిచే ఆ సన్న ముక్క.

"రామన్నా, మల్ల నీ ఆటేనా?" అన్నావు.

"నాకేం తెల్సురా? నీ బల్ల, నీ పిన్ను" అన్నాను. ఎప్పుడూ అనే మాటే. పెట్టిన రోజూ అదే అన్నాను, పెట్టని రోజూ అదే అన్నాను.

"ఇగ నన్ను ఎడ్డోన్ని చెయ్యలేవు తియ్" అని పిన్నును గేటవతలికి విసిరేశావు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. ఒరే, ఇది నేను పెట్టలేదురా, నిజంగానే మిగిలింది అని చెప్పాలి. మాట నాలుక చివరికి వచ్చింది. కాసేపు అలాగే అనుకోనీ, చాయ్ తాగాక చెబుదామనుకున్నాను. చాయ్ వచ్చేలోపు బసవపున్నయ్య గారు కొబ్బరికాయతో వచ్చారు. ఇంజను తేనెటీగలా పాడింది. పాడుతున్నదాన్ని ఆపి విప్పమని ఎవడు చెబుతాడు? నేను చెప్పలేదు.

తరువాతిది నీకు తెలుసు. ఆయన తల్లి పున్నమ్మ గారిని ఎక్కించుకుని భద్రాద్రి బయల్దేరారు. పాల్వంచ దాటి అడవిలోకి వెళ్లాక రాడ్డు బ్లాకు పక్కను చీల్చుకుని బయటికొచ్చింది. ఆ పెద్దావిడ ఎండలో సగం పూట రోడ్డు మీద కూర్చుంది.

నీకు తెలియనిది ఇది. కారును లారీకి కట్టి తెచ్చాక, నిన్ను చాయ్‌కి పంపి ఇంజను కింది ఆయిలు చాంబరు నేనొక్కణ్ణే విప్పాను. చాంబరులో ఆయిలు నిండుగా ఉంది, అంటే ఎండిపోయి పట్టేయలేదు. మిగతా మూడు బేరింగులు అద్దంలా ఉన్నాయి, అంటే వేడెక్కలేదు. మూడో నంబరు రాడ్డుకు ఒక బోల్టు వంగి తెగిపోయింది, దాని నట్టుకు పిన్ను భద్రంగా ఉంది. రెండో బోల్టు నిటారుగా ఉంది, మరల మీద గీత కూడా లేదు. దాని నట్టు చాంబరు అడుగున విడిగా పడి ఉంది. పిన్ను దూర్చే బెజ్జంలో విరిగిన తునక కూడా లేదు. పిన్ను లేక నట్టు తనంతట తానే తిరిగి ఊడింది, బరువంతా మొదటి బోల్టు మీద పడి అది తెగింది. పావుగంటలో నాకంతా అర్థమైంది. ఆ బోల్టూ నట్టూ జేబులో వేసుకుని, మిగతా ముక్కలు షెడ్డు మూలన దాచాను.

"ఏమయ్యా, ఇది బిగించింది ఎవరు?" అని అడిగారు బసవపున్నయ్య గారు.

"జంపయ్య" అన్నాను. ఆ ఒక్క ముక్కే నిజం. మిగతా నిజం మింగేశాను. నువ్వు తలొంచుకుని సంచీ సర్దుకుని వెళ్లిపోయావు. ఇల్లందులో నీ చేతికి ఒక్కడూ ఇంజను ఇవ్వడం లేదనీ, బొగ్గు లారీలకు ఎత్తుడు పనికి పోతున్నావనీ మొన్న తెలిసింది. అన్నం సయించడం లేదు.

నువ్వు తిట్టినా పడే
రామన్న


ఇల్లందు,
22-6-1986.

అన్నకు జంపయ్య దండాలు.

ఉత్తరం అందింది. నువ్వు పెట్టిన రోజు నీ ముఖం బిగుసుకుని ఉంటుంది. ఆ రోజు నీ ముఖం తెల్లబోయింది, చూశాను. పిన్ను ఆ ఇంజనుదేనని అనుమానం వచ్చింది. విప్పితే నలుగురూ మళ్లీ నవ్వుతారని విప్పలేదు. పిన్ను మరిచింది నేనే, ఆ తప్పు నీ నెత్తిన రుద్దను.

కానీ నాకెందుకు రాశావు? నాకు తెలిసిన సంగతే కదా. తెలియనివాళ్లకు చెప్పు.

జంపయ్య


ఖమ్మం,
8-7-1986.

తమ్ముడు జంపయ్యకు,

చెప్పాను.

నిన్న అమావాస్య. షెడ్డుకు సెలవు కదా, పానాలకు పసుపు రాసి డ్రైవర్లందరినీ పిలిచాను. బసవపున్నయ్య గారికి కబురు పెడితే పున్నమ్మ గారిని కూడా తీసుకొచ్చారు. నిలబడి మొత్తం చెప్పాను. చెప్పడం అయిపోయిందో లేదో, షెడ్డు రేకులు ఎగిరేలా నవ్వారురా.

"ఏం కథ కట్టినవే రామన్నా! ఏడ్సుడు గూడ నేర్సినవా?" అన్నాడు లారీ హాతీరాం.

ఇరవై ఏళ్లుగా నేను విత్తిన పంట అది. ఎంత ఒట్టేస్తే అంత నవ్వారు. చివరికి గోనెపట్టా పరిచి ముక్కలన్నీ పెట్టాను. వంగిన బోల్టు, వంగని బోల్టు, ఖాళీ బెజ్జమున్న నట్టు, మెరిసే బేరింగులు. ఒక్కొక్కటే హాతీరాం చేతికిచ్చి, ఇది ఎందుకు వంగింది, అది ఎందుకు వంగలేదో నువ్వే చెప్పు అన్నాను. అతను తిప్పి తిప్పి చూశాడు. నవ్వు ముందు అతని ముఖంలో ఆగింది, తరువాత అందరి ముఖాల్లో.

"అన్నా, ఇది నిజమే" అన్నాడు.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు బసవపున్నయ్య గారు.

"సిగ్గేసిందండీ."

"ఇప్పుడు లేదా?"

"ఇప్పుడూ ఉందండీ."

అంతలో పున్నమ్మ గారు, "నేను ఎండలో కూర్చుంది సగం పూట నాయనా. ఆ పిల్లాడు మూడు నెలల నుంచి కూర్చున్నాడు" అన్నారు. ఆయన తిడితే తట్టుకునేవాణ్ణి.

బెజవాడలో మరో బ్లాకు దొరికిందట. జంపయ్యే బిగించాలి, మరొకరి చెయ్యి తగలకూడదని బసవపున్నయ్య గారు డ్రైవర్లందరి ముందూ అన్నారు. రేపు జీపులో ఆయనే నీ దగ్గరికి వస్తున్నారు. ఈ ఉత్తరం కన్నా ముందే వచ్చి ఉంటారేమో. పెద్దమనిషి, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడకు, లోపలికి పిలువు.

జీపులో నాకూ చోటుంది, రమ్మన్నారు. నేను ఎక్కలేదు. నీ ఇంటి ముందు దిగే ముఖం నాకింకా రాలేదు. షెడ్డు తాళంచెవి ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు వచ్చి తలుపు తీసి పని మొదలుపెట్టు. నేను బయట రోడ్డు మీద ఉంటాను. పిలిస్తే వస్తాను.

నీ
రామన్న