నీ నోట్లో పోసిన భారజలం

రాజన్నా,

మొన్న మన నియోడిమియం లోహం మామూలు నీళ్లలోనే వెలిగింది. కంటికి కనబడని ఆ పరారుణ వెలుగును నీళ్లు మింగేస్తాయని, చూడ్డానికి నీళ్లలాగే ఉన్నా దాన్ని మింగని భారజలం కోసం నువ్వు పట్నమంతా తిరిగావు. నేను లోహాన్ని చుట్టుకుని నీళ్లను దగ్గరికి రానివ్వని లైగాండ్ అణువును కట్టాను. అవీ వెలుగును మింగుతాయని దాని హైడ్రోజన్ల చోట ఫ్లోరిన్ పెట్టాను. జనగామ కాలేజీలో ఈ మాట అర్థమయ్యేవాడు ఇంకొకడు లేడు.

నువ్వు చివరికి తెచ్చిన, సీలు వేసిన భారజలం సీసాను మీ అవ్వ కాశీ గంగ అనుకుని దేవుడి దగ్గర పెట్టుకుంది. జ్వరంతో నీ ప్రాణం పోతుంటే సీలు పగలగొట్టి నీ నోట్లో పోసింది. నేను మీ ఊరు నెల్లికుదురు చేరేసరికి ఖాళీ సీసా నీ తలాపున ఉంది. ఆ భారజలం కోసం ఆగిన నీ ఆఖరి నమూనాను కొలవకుండానే పారబోశాను.

దినాలనాడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. "వాని నోట్లె గంగ పోసిన బిడ్డా, గంతే సాలు. నాకు గూడ జర గసొంటి సీస తెచ్చియ్యి."

నీ తర్వాత తెప్పించిన భారజలం అల్మారాలోనే ఉంది. దానితో ఇక పనిలేదు. అయినా ఆమె కోసం దాన్ని ముట్టలేదు. నిన్న నీ సంవత్సరీకానికి కాలేజీ కుళాయి నీళ్లు పట్టి, మైనంతో సీలు వేసి తీసుకెళ్లాను.

ఆమె కళ్లకద్దుకుని, నీ సీసా ఉన్న చోటే పెట్టుకుంది.