పొడుగు గీతలు

గద్వాల,
జూన్ 9

ప్రియమైన సింధూకు,

ఈ సంగతులు ఫోన్‌లో రాయకూడదని మా కేంద్రంలో కట్టుబాటు. ఎవరి ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అందుకే కాగితం పట్టాను. నా కోడిగీతలు చదవలేకపోతే హాస్టల్లోలాగే తిట్టుకో.

హెచ్‌ఐవీ మందులందే పద్ధతిని బాగుచెయ్యడానికి మీ బృందం వచ్చి వెళ్ళాక, మావాళ్ళు ఇంకా నీ గురించే మాట్లాడుకుంటున్నారు. గోడ నిండా కాగితం పరిచి, ఒక్కో మనిషి ఇంటి నుంచి మందులిచ్చే గది దాకా గీత గీశావు. ఏడేళ్ళుగా ఇక్కడ కౌన్సెలర్‌గా ఉన్నా నాకెప్పుడూ అంతా ఒక్కచోట కనిపించలేదు.

ఒక్క మాట చెప్పాలి. పాన్‌గల్ మణెమ్మ నీతో బస్సు కష్టమంది కదా. కష్టమే. రెండు బస్సులు మారి, కృష్ణ దాటి వస్తుంది. అయినా దగ్గర్లో ఎవరైనా చూస్తారని తనే కోరి ఇక్కడ రాయించుకుంది. కోడలికి షుగరు మందులని చెప్పింది. ఆమె గీతను ముట్టుకోవద్దు. అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు.

స్టీఫెన్ పోయి నేను ఒంటరిదాన్నై మొన్నటికి రెండేళ్ళు. నెలకో మంగళవారం సెలవు పెట్టి, నాగర్‌కర్నూల్‌లో పిన్నమ్మను చూసి వస్తున్నాను.

నీ రోజా

హైదరాబాదు,
జులై 2

ప్రియమైన రోజమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి అర్థం కావడానికి, ఒకసారి కోపం తెచ్చుకోవడానికి.

మణెమ్మ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "మోకాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. బస్సుల నిలబడలేకపోతున్న." మూడు జిల్లాల్లో అలాంటి పొడుగు గీతలు అరవై రెండున్నాయి. ఎక్కడ ఏది తెగుతోందో మొత్తం వ్యవస్థను చూస్తేనే తెలుస్తుంది. నువ్వు ఒక్క మనిషిని పట్టుకుని కూర్చుంటే ఎలా?

ఇక ఎవరూ అర్జీ పెట్టనక్కర్లేదు, కారణం చెప్పుకోనక్కర్లేదు. చిరునామాను బట్టి దగ్గరి కేంద్రానికి ఫైలు దానంతటదే వెళ్తుంది. మాకు పేర్లు కూడా కనబడవు, నంబర్లే. నీకు మీ పేషెంట్లను వదలబుద్ధి కావడం లేదు, ఒప్పుకో!

అవునూ, పిన్నమ్మ మీద అంత ప్రేమ ఎప్పటినుంచి? ఆమె పంపిన సకినాలు మాకు పంచేసి మరీ తిట్టేదానివి.

నీ సింధూజ

గద్వాల,
సెప్టెంబర్ 18

ప్రియమైన సింధూ,

మణెమ్మ ఫైలు ఆగస్టులో వాళ్ళ ఊరి దగ్గరి కేంద్రానికి వెళ్ళిపోయింది. అక్కడ ఆమె మందులు తీసుకోలేదని తెలిసి నిన్న పాన్‌గల్ వెళ్ళాను. వాకిట్లో కోడలితో కలిసి శెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, "ఎవరమ్మా మీరు? ఓట్ల లిస్టుకొచ్చిన్రా?" అంది. అవునన్నాను. ఇంట్లో ఎందరని అడిగి, చేతిలో ఉన్న కాగితం మీద ఏదో రాసుకున్నాను.

దారి చూపిస్తానని మలుపు దాకా వచ్చింది. "ఆడ మందులిచ్చేది మా ఆడిబిడ్డ కోడలు. ఎట్ల పోవాలె బిడ్డా?" అంది.

"మా దగ్గరికే రాకపోయినవా?" అన్నాను.

"పోయిన నెల వస్తి. ఆ దినం నువ్వు లేకుంటివి. నీ ఫైలు ఈడ లేదని ఆ రాఘవేందర్ సారు అన్నడు."

మా గుమాస్తా అబద్ధం చెప్పలేదు. అది మంగళవారం. నేను నాగర్‌కర్నూల్‌లో ఉన్నాను. అప్పటి నుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఆమెను వెనక్కి పంపించు.

రోజా

హైదరాబాదు,
అక్టోబర్ 6

రోజా,

గోడ మీది కాగితం చుట్టి మూలన పెట్టాను. మణెమ్మ ఫైలు మళ్ళీ గద్వాలకు వేయించాను. అయితే రెండో విడత ఫైళ్ళు సోమవారమే వెళ్ళిపోయాయి. వాటిలో ఎవరున్నారో నాకు తెలియదు. నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే నంబరు పంపు. కాళ్ళు పట్టుకునైనా వెనక్కి తెస్తాను.

సింధు

గద్వాల,
నవంబర్ 3

ప్రియమైన సింధూకు,

మణెమ్మ పెద్దాసుపత్రిలో ఉంది. మందులు ఆగిపోయినందుకే జ్వరం తలకెక్కిందన్నారు. "నేను రోజాను" అంటే ఎవరని అడిగింది. ఈసారి కోడలు పక్కన లేదు. నిజంగానే గుర్తుపట్టలేదు.

రెండో విడత ఫైళ్ళు మాకు చేరాయి. రాఘవేందర్ జాబితా పట్టుకొచ్చి, "మేడం, మీ పేరే ఉన్న ఇంకొకామె వచ్చింది మనకు" అన్నాడు. నవ్వుతూనే చదువుతున్నాడు. భర్త పేరు స్టీఫెన్ అన్నచోట ఆగాడు.

పిన్నమ్మ చనిపోయి నాలుగేళ్ళయింది సింధూ. నీకు చెప్పలేకపోయాను. నలుగురికీ ధైర్యం చెప్పేదాన్ని, నీకు ఒక్క ముక్క చెప్పుకోలేకపోయాను.

మా దగ్గర అందరికీ గాజు గ్లాసుల్లోనే చాయ్ వస్తుంది. మర్నాడు నాకొక్కదానికే కాగితం కప్పులో వచ్చింది. కలిసి తింటే, తాగితే ఇది అంటదని మా గోడ మీద రాయించింది నేనే. ఆ రాత కిందే కూర్చుని తాగాను.

నాగర్‌కర్నూల్‌కు పోతే, నీ ఫైలు ఇక్కడ లేదన్నారు. ఇక్కడ తీసుకోవాలంటే రాఘవేందర్ ముందు సంతకం పెట్టాలి. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కూర్చున్నాను. పదకొండు రోజుల మాత్రలున్నాయి.

నువ్వు వెనక్కి పంపగలవు, నాకు తెలుసు. రాఘవేందర్ చదివింది మాత్రం వెనక్కి పోదు. అయినా నంబరు అడిగావు కదా. నా పేరు నీకు కనబడదన్నావు కాబట్టి, సంతకం బదులు అదే పెడుతున్నాను.

నీ
20417