డాక్టరు గారి కంచు చక్రవర్తులు

హనుమకొండ,
మంగళవారం మధ్యాహ్నం.

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు రాహేలు చేతులు జోడించి చెప్పే వందనాలు. దేవుని దయవల్ల నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదినకు నెలలు నిండుతున్నాయి, నీళ్ళ బిందెలు ఎత్తనివ్వకు. చిన్నోడికి ముందు పళ్ళు రెండూ ఊడాయని రాశావు, ఆ బోసినవ్వు చూడాలని ఉంది. మీరంతా బాగున్నారని తెలిస్తేనే నాకు అన్నం సహిస్తుంది. నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పడకండి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. రాళ్ళ గుట్టల మధ్య ఊరు కదా, పొద్దు గూకినా వేడి దిగదు. కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి గంటకోసారి నీళ్ళు చల్లుతున్నాను. తిండికి లోటు లేదు. డాక్టరు గారి అక్క, అదే మన పెద్దమ్మ గారు, నన్ను వంటింటి గడప దాటనివ్వరు గానీ వరండాలో నా కంచం నిండా పెడతారు. "తినవే పోరీ, బొక్కలు తేలినయ్, మీ అన్న జూస్తె మమ్ముల తిడ్తడు," అంటారు. రోజూ పప్పు, పచ్చిపులుసు, పెరుగు. ఎండు చేపల కూర మీద ప్రాణం పోతోంది. వదినతో చెప్పు, ఎవరైనా ఇటు వస్తుంటే మామిడికాయ తొక్కు కొంచెం పంపమని. ఆదివారం చర్చికి ఒక గంట వదులుతారు. ఆ గంట తప్ప వారమంతా ఈ గోడల మధ్యే ఉంటున్నాను.

అంతకాలం ఏం పుస్తకం రాస్తున్నారని పోయిన ఉత్తరంలో అడిగావు. ఇన్నాళ్ళూ సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెప్పాలి. రైలు పెట్టెల షంటింగులో నలిగిన నీ చేతిని అందరూ తీసేయాలంటే డాక్టరు గారు ఒక్కరే నిలబెట్టారు. ఆయనకు చూపు పోయిందని తెలిసి, చదివి రాసిపెట్టడానికి నువ్వే నన్ను ఇక్కడికి తెచ్చావు. గుమ్మంలో నిలబడి, "పుస్తకం పూర్తయ్యేదాంక నా చెల్లె యాడికి పోదు సార్, ఇది నా మాట," అన్నావు. మూడు నెలల పని అన్నారు. ఇది తొమ్మిదో నెల.

పుస్తకం నాణేల గురించి. పాతకాలం రోము చక్రవర్తుల కంచు నాణేలు, నలభై మూడు ఉన్నాయి. యుద్ధంలో మిలిటరీ డాక్టరుగా ఇటలీ వెళ్ళినప్పుడు సిగరెట్టు డబ్బాలు ఇచ్చి అక్కడి వీధుల్లో కొన్నారట. తర్వాత లండన్ నుంచి పోస్టులో తెప్పించుకున్నారట. ఇప్పుడు పరదేశానికి డబ్బు పంపడం కష్టమై కొనడం ఆగిపోయింది. ఒక్కోటి పాత వెండి రూపాయి కంటే పెద్దది, రెండింతలు బరువు. మన నయాపైసలు దాని పక్కన పెడితే నవ్వు వస్తుంది. వాటికి ఏదో పేరుంది గానీ నాకు నోరు తిరగదు.

పని ఇలా ఉంటుంది. ఉదయం పది కొట్టగానే మఖమలు గుడ్డ పరిచిన సొరుగు తెచ్చి ఆయన ముందు పెడతాను. ఒక నాణెం ఆయన అరచేతిలో పెడతాను. ఆయన బరువు చూసి, బొటనవేలితో నిమిరి, "ఇగ జెప్పు బిడ్డా," అంటారు. మొహం ఎటు తిరిగి ఉంది, ముక్కు ఎలా ఉంది, గడ్డం ఉందా, చుట్టూ అక్షరాలు ఏమిటి, అన్నీ చెప్పాలి. చెప్పింది రాయాలి. వారం తర్వాత అదే నాణెం మళ్ళీ తీయమంటారు. "మొన్న జెప్పిన గడ్డం వేరు, ఇయ్యాల జెప్పిన గడ్డం వేరు. కొట్టెయ్, మల్ల రాయి," అంటారు. గడ్డం అదేనన్నయ్యా! రాసి కొట్టేసిన కాగితాలు చూస్తే నీకు ఏడుపు వస్తుంది.

అబద్ధం చెప్పను, మొదట్లో నాకు బాగా నచ్చాయి. నీరో అనే రాజుకు దవడ కింద కొవ్వు ఇంకో దవడలా వేలాడుతుంది. వెస్పాసియన్ అనే ఆయనది ఎద్దు మెడ, బట్టతల, అచ్చం మన పాత స్టేషను మాస్టరు. ఒక రాణి నాణెం ఉంది, ఆమె జడలు అల్లి నడినెత్తిన చుట్టగా చుట్టుకుంది. అద్దం ముందు నేనూ వేసుకుని చూశాను, వదినకు నేర్పుతాను. ఒక్కో నాణెం ఒక్కో రంగు. ఒకటి నల్లగా, ఒకటి చాక్లెట్టు రంగు, ఒకటి చెరువు నాచు రంగు. మట్టిలో ఉండి ఉండి పైన కట్టిన ఆ పొరే నాణేనికి ప్రాణమని ఆయన చెప్పారు. చెప్పిన మాట విన్నాను గానీ మనసుకు పట్టలేదు. అక్కడే తప్పు జరిగింది.

పోయిన నెల నర్సు ట్రైనింగు సీటు కాగితం నువ్వు ఇక్కడికి పంపావు కదా. దాని మీద 'డాక్టరు గారిని అడిగి చెయ్యి' అని రాశావు. అడిగే ముందు పుస్తకం ముగించేస్తే మంచిదనుకున్నాను. నలభై రెండు నాణేలు అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. ముందువైపు ఆ వెస్పాసియన్, వెనకవైపు ఈతచెట్టు లాంటి చెట్టు, దాని కింద తల చేతిలో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి. అక్షరాల మీద ఆకుపచ్చ పొర మందంగా కప్పుకుని ఉంది, ఎంత చూసినా కనబడవు. "అక్షరాలు కనవడకుండ పుస్తకమెట్ల అయితది?" అన్నారు డాక్టరు గారు.

బావి దగ్గర పెద్దమ్మ గారు పూజ చెంబులు తోమడానికి పిసికిన చింతపండు పిప్పి తీసిపెడతారు. ఆ రోజు ఆయన నిద్రపోతుండగా ఆ పిప్పి, ఇంత బూడిద తీసుకుని నాణేన్ని తోమేశాను అన్నయ్యా. మనింట్లో పండగ ముందు చెంబులు తోమినట్టే. పచ్చదనమంతా నురగలో పోయింది. కొత్త ఇత్తడి గ్లాసులా తళతళ మెరిసింది. అక్షరాలు కూడబలుక్కుని చదివితే యూదయ అని ఉంది! నా సంతోషం చెప్పలేను. ఆయన లేవగానే పరుగెత్తుకుని వెళ్ళి, "సార్, యూదయ! మా బైబిల్ల ఉన్న యూదయ!" అని ఆయన చేతిలో పెట్టాను.

ఆయన బొటనవేలు ఒకసారి తిప్పారు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చింతపండా?"

బూడిద అంటిన చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"పందొమ్మిది వందల ఏండ్ల తోలు ఒల్సినవ్ గద బిడ్డా," అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్ళీ నిమిరి, "రెండో మాట గూడ ఉండాలె, సదువు," అన్నారు. చదివాను. కాప్టా. అంటే ఏమిటని అడిగాను. "పట్టువడ్డది అని. రోమోల్లు ఆ దేశాన్ని గెల్సి, ఖైదుల వడ్డ ఆడిదాని బొమ్మ కొట్టిచ్చిండ్రు." ఆ మాట వినగానే నాకు ఆ ఆడమనిషిని చూస్తే దుఃఖం వచ్చింది. నాకోసం వచ్చిందో ఆమె కోసం వచ్చిందో తెలియదు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారి, "కొత్త నోటుబుక్కు తియ్యి, మొదటి పైస కాడికెల్లి మల్ల రాద్దాం," అన్నారు. తప్పు చేసినదాన్ని, సీటు మాట ఎలా ఎత్తను? మూడు వారాలు తల వంచుకుని రాశాను. మళ్ళీ ఎద్దు మెడ, మళ్ళీ గడ్డం, మళ్ళీ జడలు.

ఇంత వరకు నా తప్పే. ఇక్కడి నుంచి విను.

పోయిన గురువారం పెద్దమ్మ గారు ట్రంకు పెట్టెలో ఉన్న ఆయన మిలిటరీ కోటు ఎండలో వేయమన్నారు. కోటు కింద రెండు పొడుగు పుస్తకాలున్నాయి. తెరిస్తే ఆయన చేతిరాత. నలభై మూడు నాణేల వివరాలూ వాటిలో ఉన్నాయి. ఒక్కోదానికి పెన్సిలుతో బొమ్మ, బరువు, అక్షరాలు, ఎక్కడ దొరికింది, అన్నీ. చూపు బాగున్న రోజుల్లో రాసినవి. ఈతచెట్టు నాణెం కూడా ఉంది. ఆ పచ్చ పొర కిందనుంచే భూతద్దంతో ప్రతి అక్షరం చదివి రాసుకున్నారు. నేను తోమనక్కర్లేదు. నేను రానక్కర్లేదు. ఒక పుస్తకం నా దిండు కింద దాచి కోటు ఎండలో వేశాను.

మర్నాడు పది గంటలకు సొరుగు తీసుకెళ్ళి, నాణేనికి బదులు ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. అట్ట తడిమారు.

"ట్రంకు తెరిసినవా?"

"పెద్దమ్మనే తెరువుమన్నది సార్. పుస్తకం ఎప్పుడో అయిపోయింది గద. మరి నన్నెందుకు కూసోవెట్టిండ్రు?"

ఆయన ఆ పుస్తకం ఒళ్ళోకి లాక్కున్నారు. "కోపం జెయ్యకు బిడ్డా. కండ్లు వోయినంక ఇవన్ని బొగ్గు తునకల లెక్కనే అయినయ్. చేతిల వట్టుకుంటె ఏది ఏదో తెల్వదు. నువ్వొచ్చి ముక్కు ఇట్లున్నది, గడ్డం ఇట్లున్నది అని చెప్తాంటె మల్ల కనవడ్డయ్. అయిపోయిందంటె నువ్వు పోతవ్."

నేను సీటు కాగితం సంగతి చెప్పాను. జూను మొదటి సోమవారానికి హాజరు కావాలని, ఆ సీటు పోతే మళ్ళీ ఏడాదికి గానీ రాదని, అప్పటికి వయసు దాటుతుందని అంతా చెప్పాను. ఆయన సొరుగు పక్కకు జరిపి, "నిన్ను వట్టుకున్నది నేను గాదు. మీ అన్న మాట. ఆయననే అడుగు," అన్నారు.

నువ్వేమో ఆయన్ని అడగమంటావు, ఆయనేమో నిన్ను అడగమంటారు. మీరిద్దరూ మర్యాదస్తులే అన్నయ్యా, మధ్యలో నేనే తలుపు కనబడక తిరుగుతున్నాను. ఇక్కడి నుంచి మన డోర్నకల్ ఎంత దూరం? ప్యాసింజరు ఎక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు దిగొచ్చు. రైలు కూత ఇక్కడికి వినబడుతుంది కూడా. అయినా నీ మాట దాటి రాలేను. రాగలననుకుని ఒకరోజు సంచి సర్దుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

అందుకే అడుగుతున్నాను. నువ్వు మాట ఇచ్చింది పుస్తకం పూర్తయ్యేదాకా. ఆ పుస్తకం నువ్వు నన్ను గుమ్మంలో దించకముందే పూర్తయింది. నీ మాట ఒక్క రోజు కూడా తప్పలేదు. నీ చెయ్యి నిలబెట్టినందుకు తొమ్మిది నెలలు నేను కూర్చున్నాను, ఇంకా కూర్చోమంటే నిజం చెప్పి కూర్చోబెట్టు. ఈ కవరులో ట్రైనింగు ఫారం పెట్టాను. గార్డియన్ అన్న చోట నీ సంతకం కావాలి. నా బాప్తిస్మం సర్టిఫికెట్ అమ్మ పెట్టెలో ఉంది. పోస్టులో పంపకు, సంతకం పెట్టి నువ్వే తీసుకుని రా. ఆయన ముందు నువ్వే నోరు తెరిచి చెప్పాలి.

నేను బాగానే ఉన్నాను, అమ్మతో అలాగే చెప్పు. నాకోసం ప్రార్థనలో ఒక మాట అడగమను. వదినకు, చిన్నోడికి నా ముద్దులు. రైల్వే క్వార్టర్సులో పెద్దలందరికీ వందనాలు. నీ దీవెన కోరుకునే నీ చెల్లెలు

రాహేలు.

కవరు అంటించేలోపు ఇంకో మాట. ఈ ఉదయం ఆయన నన్ను చెప్పొద్దన్నారు. "నేను జెప్త, నువ్విను," అని ఒక్కో నాణెం నిమిరి తనే చెప్పడం మొదలుపెట్టారు. రాణిని పట్టుకుని గడ్డం ఉన్న రాజు అన్నారు. నీరోను పట్టుకుని ఇంకెవరో అన్నారు. ఏడు తీశారు, ఏడూ తప్పే. "సరిగ్గ జెప్పిన్నా బిడ్డా?" అని నా వైపు తిరిగితే, అన్నీ సరిగ్గానే చెప్పారన్నాను. అన్నయ్యా, నాకు ఆయన మీద జాలి పుడుతోంది. అది ముదిరేలోపు వచ్చి నన్ను తీసుకెళ్ళు.