మొదటి స్పూను

మార్చి 4
రెండో కీమో. మందు ఎక్కుతున్నంతసేపూ ఐసు ముక్కలు చప్పరించమంది నర్సు. నోరు పూయకుండా ఉంటుందట. నలభై ఏళ్లుగా నా అంగడిలో ఇబార్రా ఊరికంతా పళ్ల ఐసు తినిపించినదాన్ని, నాకే ఐసు తినడం నేర్పింది! నవ్వొచ్చింది.

మార్చి 9
అయినా పూసింది. నాలుక పక్కన రెండు, పెదవి లోపల ఒకటి. మంచినీళ్లు తాగితే తుప్పు మేకు నాకినట్టుంది. స్టీలు స్పూను పక్కన పడేసి చెక్కదానితో తింటున్నా. ఉప్పు, సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు రోజుకు ఐదుసార్లు పుక్కిలించాలి. మా కోడలు మాయ్రా మిరప పచ్చడి బల్ల మీంచి తీసేసింది. నా ఇంట్లో కారం లేని భోజనం. ఖర్మ.

మార్చి 11, ఉదయం 7
గడ్డి పరిచి, దాని మీద ఐసు, ఉప్పు, ఆపైన కంచు బేసిను. పళ్లరసం పోసి బేసిను తిప్పుతూ గరిటె ఆడిస్తే గడ్డకడుతుంది. మా అత్త నేర్పిన పని. చక్కెర కొలత ఏ కాగితం మీదా లేదు, నాలుక మీదే ఉంది. అందుకే మొదటి స్పూను యజమానురాలిది. మాయ్రా పదకొండేళ్లుగా అడుగుతోంది. నేను ఇస్తేగా!
ఇవాళ ఆ స్పూను నోట్లో పెట్టుకుంటే ఏమీ లేదు. చక్కెర వేశా. మళ్లీ వేశా. ఈ నాలుక పోతే అంగడి పోయినట్టే. భయమేసింది.

మార్చి 12
ఐసు రుచి ఎలా ఉందని మాయ్రాని అడిగా. అమృతంలా ఉంది అత్తయ్యా అంది.

మార్చి 15
రోజూ రెండు కప్పులు లాగించే డోన్ సెగుండో ఇవాళ సగం తిని, పళ్లు జివ్వుమంటున్నాయమ్మా అని లేచిపోయాడు. చెత్తబుట్ట చూశా. అన్నీ సగం తిన్న కప్పులే. మాయ్రాని కడిగేశా. అసలే ముద్ద దిగట్లేదు మీకు, తీపి ఎక్కువైందని కూడా నా నోటితో ఎలా చెప్పేది అని ఏడ్చింది. నీ జాలితో నా అంగడి ముంచుతావా అని అరిచా. పెదవి పగిలి రక్తం. తనే గుడ్డ తడిపి అద్దింది.
సిగ్గేసింది.

మార్చి 16
అంగడి తెరవలేదు.

మార్చి 18
మొదటి స్పూను మాయ్రాకి ఇచ్చా. అబద్ధమాడావో తాట తీస్తానన్నా. చప్పరించి మొహం చిట్లించింది. ఇది తింటే చీమలకి కూడా షుగరొస్తుంది అత్తయ్యా అంది. ఓరి దీని దుంపతెగ, ఇన్నాళ్లూ ఈ నోరు ఎక్కడ దాచింది! పుల్లటి నరంహియా పండు రసం పోశా. ఇంకాస్త అంది. ఇంకాస్త. చాలు.
డోన్ సెగుండో మూడో కప్పు అడిగాడు.
నాకని నరంహియా వెయ్యకుండా లక్ష్మణఫలంతో మాయ్రా విడిగా తిప్పింది. పుండ్ల మీంచి చల్లగా జారిపోయింది. రుచి తెలీలేదు. కప్పు మొత్తం తిన్నా. వారం తర్వాత కడుపు నిండింది.

మే 27
ఆఖరి కీమో. మాయ్రా డబ్బాలో మా అంగడి ఐసే పట్టుకొచ్చింది. నర్సుకీ పెట్టింది.

జూలై 20
గరిటె అంచుది వేలితో తీసి నాకా. పులుపు తగిలింది! చక్కెర గుప్పెడు తక్కువ.
ఎవరికీ చెప్పలేదు. మొదటి స్పూను మాయ్రాకే ఇచ్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డా.
చక్కెర గుప్పెడు తక్కువైంది అత్తయ్యా అంది.