ఐదున్నర గంటల తేడా

మావయ్యగారూ, నమస్కారం.

మీరు వెళ్ళి పది నెలలైంది. ఇవాళ పొద్దున అత్తయ్యగారు మీ రేడియో ఏరియల్ తీగ మీద తడి దుప్పటి ఆరేశారు. బరువుకి తీగ ఉయ్యాలలా కిందికి జారింది. మీరుంటే ఎంత గోల చేసేవారో... "దాని మీద దుప్పట్లు వెయ్యకే, అవతల ఆఫ్రికావాళ్ళకి ఊపిరాడదు" అనేవారు. దుప్పటి ఆరేశాక ఆవిడ కాసేపు అక్కడే నిలబడ్డారు. ఎవరైనా అరుస్తారేమోనని చూస్తున్నట్టు.

పిట్టగోడకి ఇవతల, మా ఇంటివైపునుంచి నేను చూశాను. ఏమీ అనలేదు. నా సంగతి మీకు తెలుసుగా.

మీకొక మాట చెప్పాలి. మీరుండగానే చెప్పాల్సిన మాట. ఎన్నోసార్లు గోడదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను.

రేడియో స్టేషనుకి మీ ఉత్తరాలు రాసే పని నాకెలా వచ్చిందో గుర్తుందా? అంతవరకు బందరులో రేడియోలు బాగుచేసే ఆయన రాసిపెట్టేవాడు. ఆయన కొట్టు ఎత్తేసి గుడివాడ వెళ్ళిపోయాడు. మీరు గోడమీదుగా అమ్మని అడిగారు. "పక్కింట్లో కాన్వెంటు పిల్లని పెట్టుకుని ఇంగ్లీషు కోసం నేను గుడివాడ బస్సెక్కాలా అమ్మా?" అమ్మ నవ్వింది. నన్నెవరూ అడగలేదు. అడిగితే రానని చెప్పేదాన్నేమో.

మీ పాటల కార్యక్రమం ఆదివారం సాయంత్రం ఏడున్నరకి మొదలయ్యేది. షార్ట్‌వేవ్ మీద, ఎక్కడో విదేశీ స్టేషన్. గంటసేపు ఆఫ్రికా పాటలే. నేను పుట్టకముందునుంచీ వస్తోందనీ, అప్పట్నుంచీ ఒకే మనిషి నడుపుతున్నాడనీ మీరే చెప్పారు. ఆయన్ని "మన సారు" అనేవారు, ఆయనేదో పక్కన గూడూరులో ఉన్నట్టు.

పెడనలో గుడ్డలమీద కలంకారీ అచ్చులు కొట్టుకునే మనిషికి ఆ పాటలతో ఏం పని అని వీధిలో నవ్వేవారు. "వాళ్ళూ చేత్తో కొట్టి బతికేవాళ్ళే, మనమూ చేత్తో కొట్టి బతికేవాళ్ళమే. ఇంక పరాయివాళ్ళెలా అవుతారు?" అనేవారు మీరు.

ఆయన చెప్పేది వింటూ నేను మీకు తెలుగులో చెబుతూ ఉండేదాన్ని. మాలీ దేశంలో పాటగాడి కొడుకు పాటగాడే అవుతాడని, ఆ ఇళ్ళలో ఊరి పెద్దల కథలన్నీ నోటికి వస్తాయని. మనవలు పుట్టాక మొదటి రికార్డు చేసిన ఒక ఆవిడ గురించి. ఎండిన ఆనపకాయ బుర్రకి తోలు బిగించి, ఇరవైకి పైగా తీగలు కట్టే వాయిద్యం గురించి. అది విని, "మన వీణకి పెద్దమ్మ కూతురమ్మాయ్" అన్నారు. జింబాబ్వేవాళ్ళు బొటనవేళ్ళతో ఇనుపరేకులు మీటుతుంటే, "రంగు కాగులో చినుకులు పడ్డట్టుంది" అన్నారు.

ఇంట్లో నోరు విప్పని పిల్ల మీ రేడియో దగ్గర గంటసేపు ఆగకుండా మాట్లాడేది. అది మీరు గమనించారా? గమనించే ఉంటారు.

రెండు మూడు వారాలకొకసారి పాటలయ్యాక ఉత్తరం. ఏ తేదీ, ఏ వేళ, రేడియో ముల్లు ఏ మీటరు మీద, ఏ పాట తరవాత ఏ పాట. స్టేషన్ ఎంత బలంగా వచ్చింది, గరగర ఎంత ఉంది... ఒక్కోదానికి ఐదుకి ఇన్ని మార్కులని వెయ్యాలి. "ఇవాళ గరగరగా ఉంది, రెండే వెయ్యి. మన సారని చెప్పి ఎక్కువ వెయ్యకూడదు." మనం రాసింది వాళ్ళ రిజిస్టరుతో సరిపోతే, మీరు విన్నది నిజమేనని ఒక బొమ్మ కార్డు పంపుతారు. రేడియో ఆయన రాసిన రోజుల్లో మీకు నాలుగు వచ్చాయి. అచ్చుల పెట్టె మూత లోపల అంటించుకున్నారు.

నేను రాయడం మొదలుపెట్టాక ఒక్కటీ రాలేదు.

వేళ గ్రీన్‌విచ్ టైములో రాయాలి. రేడియో ఆయన వదిలిపెట్టిన నమూనా కాగితం మీద "ఐదున్నర గంటల తేడా వెయ్యాలి" అని ఉంది. కలపాలో తియ్యాలో లేదు. సూర్యుడు మనకి ముందు వస్తాడు, మనం ముందున్నాం, కాబట్టి కలపాలి అనుకున్నాను. భూగోళంలో క్లాసు ఫస్టు నేనే. ఎవరినీ అడగలేదు.

తియ్యాలి మావయ్యగారూ. మనం ముందున్నాం కాబట్టే తియ్యాలి. మీరు ఏడున్నరకి విన్నప్పుడు అక్కడి లెక్కలో మధ్యాహ్నం రెండు. నేను రాత్రి ఒంటిగంట అని రాశాను. ఆ వేళ ఆ మీటరు మీద ఆ స్టేషనే ఉండదు. ఏడాదిన్నరపాటు, ముప్పై ఒక్క ఉత్తరాల్లో, ఎవరూ పాడని వేళ మీరు పాటలు విన్నారని రాశాను.

మీరు మొదట్లో పోస్టువాళ్ళని అన్నారు. తరవాత మన సారుకి పనెక్కువైందన్నారు. ఆ తరవాత ఒకరోజు రేడియో కట్టేసి, "నా చెవులు పాడయ్యాయేమోనమ్మాయ్. అక్కడ వెయ్యని పాటలు నాకు వినపడుతున్నాయేమో" అన్నారు. నవ్వుతూ అన్నారనుకున్నాను.

నవ్వుతూ కాదని మీరు అచ్చులు కొట్టే షెడ్డులో తెలిసింది. అచ్చు గుడ్డమీద సరిగా కూర్చుంటే ఒక చప్పుడు, కూర్చోకపోతే ఒక చప్పుడు అని మీరే నాకు చెప్పారు. చూడకుండా కొట్టేవారు. బల్ల ఈ చివరినుంచి ఆ చివరికి, పక్కవాళ్ళతో హాస్యాలాడుతూ. అలాంటి మీరు ప్రతి అచ్చూ ఎత్తి, వంగి, చూసుకోవడం మొదలుపెట్టారు. పని సగానికి పడిపోయింది. కళ్ళు మందగించాయేమోనని అత్తయ్యగారు మిమ్మల్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కళ్ళు బాగున్నాయన్నాడు. బాగానే ఉంటాయి కదా...

అప్పటికి నాకు నా తప్పు తెలుసు. కాలేజీ లైబ్రరీలో అట్లాసు తిరగేస్తుంటే దేశాల గడియారాల బొమ్మ కనిపించింది. చదివి, పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి చూశాను. అదే ఉంది.

ఎందుకు చెప్పలేదు? కోప్పడతారని కాదు. మీరు నన్ను కోప్పడరు. అదే కష్టంగా అనిపించింది. ఆ వారం నుంచి వేళ సరిగా రాద్దాం, కార్డు వస్తే ఇంక చెప్పే పనే ఉండదు అనుకున్నాను. అలాగే రాసి పోస్టు చేశాను. విదేశం నుంచి జవాబు రావడానికి రెండు మూడు నెలలు పడుతుందని తెలుసు. ఆ రెండు మూడు నెలలు మీరు వంగి వంగి చూసుకుంటూనే ఉంటారని కూడా తెలుసు.

ఆ ఉత్తరం వేసిన పన్నెండో రోజున మీరు వెళ్ళిపోయారు.

మూడు నెలలకి కార్డు మీ పేరుతోనే వచ్చింది. ఆకుపచ్చ కొండలు, ఒక డోలు. అత్తయ్యగారు దాన్ని మీ ఫోటో దగ్గర పెట్టారు. చివరికి ఆ సారుకి మీరు గుర్తొచ్చారని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. నేను తలూపాను.

మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పాను. వంటింట్లో, ఆవిడ వంకాయలు తరుగుతుంటే. మొత్తం చెప్పాను. ఆవిడ కత్తిపీట పక్కకి పెట్టి, అయితే ఆయన చెవులు బాగానే ఉన్నాయా అని మాత్రం అడిగారు. అవునన్నాను. నా మాట ఒక్కటే చాలదు అనిపించింది.

మీరు పాటల గురించి రాసుకున్న నోటుబుక్కు తెమ్మన్నాను. మీ చేతిరాత ముద్ద ముద్దగా ఉన్నా తేదీలూ, వేళలూ, పాటల వరసా స్పష్టంగా ఉన్నాయి. పేరు తెలియనిచోట "ఆనపకాయ పాట", "చినుకుల పాట", "ముసలాయన ఏడుపు పాట" అని ఉంది. ముప్పై ఒక్క ఆదివారాలూ వేళలు సరిచేసి మళ్ళీ రాశాను. తప్పు నాదని రాశాను. మీరేం పని చేసేవారో, ఏ రోజున పోయారో, చెవుల గురించి ఏమన్నారో రాశాను. కార్డులు వద్దు, మా మావయ్యగారు విన్నవి మీరు వేసినవేనా, అదొక్కటి చెప్పండి అని అడిగాను. అంత పొడుగు ఉత్తరం నా పేరుతో ఎప్పుడూ ఎవరికీ రాయలేదు.

ఆరు నెలలు ఎదురుచూశాక పోయిన వారం జవాబు వచ్చింది. కార్యక్రమం నడిపే పెద్దాయన, మన సారే, స్వయంగా రాశారు, టైపు మిషను మీద. ముప్పై ఒక్క వారాలకీ ఎదురుగా టిక్కు పెట్టి ఉంది. మీ "ఆనపకాయ పాట"లకి అసలు పేర్లు రాశారు. ఒకచోట మాత్రం ఆగి రాశారు. ఒక కాంగో పాటలో ఇద్దరు పాడుతున్నారని మీరు రాసుకున్నారు చూడండి, ఆ వేళ ఆయన ఒక్కడి పేరే చెప్పారట. మీ మాట చదివి రికార్డు తీసి మళ్ళీ విన్నారట. ఇద్దరేనట. ఇన్నేళ్ళూ తనకి వినపడలేదట.

ఆ ఉత్తరం అత్తయ్యగారికి రెండుసార్లు చదివాను. తరవాత షెడ్డుకి తీసుకెళ్ళమన్నారు. మీ బల్ల దగ్గర అందరూ పని ఆపి నిలబడ్డారు. అంతమంది ఎదుట నేను గట్టిగా చదవడం అదే మొదటిసారి. చివరిదాకా చదివాను.

మావయ్యగారూ, మీ చెవులకి ఏమీ కాలేదు. మీరు ఉన్నప్పుడు ఈ మాట చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. వింటున్నారా?

ఇకమీదట ప్రతి ఆదివారం నేను వింటాను. అత్తయ్యగారికి తెలుగులో చెబుతాను. తెలియనిది అడుగుతాను, ఎవరినైనా సరే.

మీరు పోయింది ఆదివారం మధ్యాహ్నం. ఆ సాయంత్రం వేసిన తొమ్మిది పాటల పేర్లూ ఆ పెద్దాయన ఉత్తరం అడుగున మీకోసం విడిగా రాసి పంపారు.