కంపు అర్జీ మీద మొదటి సంతకం

బాపుకు, గాలి తరఫున, చెత్త తరఫున, ఈ కార్డులో ఇరుక్కున్న అక్షరాల తరఫున క్షమాపణ వేడుకుంటూ విద్యాధర్ రాయునది. నేను క్షేమం, ముక్కు ఒక్కటే బాగాలేదు.

వానలకు మన కాలనీ వెనక చెత్తతో ఎరువు చేసే షెడ్డు కంపు ముదిరింది. ప్రమోదిని అత్తమ్మ కిటికీలు మూసుకొని అన్నం తింటున్నది. కాలనీవాళ్లు అర్జీ పెట్టారు. రాసే భాగ్యం డిగ్రీ చదివిన నాకే దక్కింది. దాంతో షెడ్డు చూసుకునే మీ దోస్తు ఇబ్రాహీం చాచాకు మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. సోమవారం లోపు సరైన జవాబివ్వకపోతే కొలువు పోతుందట.

నిన్న చాచా అర్జీ నకలు పట్టుకొని ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు, చాయ్ వద్దన్నాడు. "చెత్త తిరగేసే మిషన్ ఖరాబై నెలాయె. మూడుసార్లు రాసి పెట్టిన, ఎవ్వలు పట్టించుకోలే. గీ సంగతి మీ బాపు జగపతికి ఎరుకే గదరా. ఎరుకుండి గూడ మొదటి సంతకం ఎట్ల పెట్టిండు?" అన్నాడు.

చింతకాయ తొక్కు అయిపోయింది. అవ్వ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అవ్వకు నా దండాలు.

శనివారం చాచా మిమ్మల్ని అడగడానికే చొప్పదండి వస్తున్నాడు. ఆయనతోనే మీరూ బస్సెక్కి వచ్చి మిషన్ సంగతి రాసిస్తే కొలువు నిలుస్తుంది. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు చేశాను. మీరు "ఏందిరా" అనగానే మక్క కంకులు ఎండినయా అని అడిగి పెట్టేశాను. కాలనీలో ఏ కాగితమైనా మీ సంతకంతోనే మొదలవ్వాలి, మీరేమో ఊళ్లో ఉన్నారు. ఆ సంతకం నేనే పెట్టాను బాపూ.