వాడిన పెట్టెకు నిప్పు

గౌలిపుర,
16 నవంబర్ 2024, శనివారం

చిరంజీవి తమ్ముడు ప్రేమ్‌రాజ్‌కు,

నీ మీద, షారోన్ మీద, మీ సైదాబాద్ ఇంటి మీద ప్రభువు చల్లని చెయ్యి ఉండాలని మీ అక్క రాహేలు దీవెనలు. నేను, మీ బావ డానియేలు పానంతోని మంచిగనే ఉన్నం. మనసే మంచిగ లేదు.

పోయిన ఆదివారం షారోన్‌తోని మా ఇంటికొచ్చి సగం అన్నం ఇడిసిపెట్టి లేచిపోయినవ్. ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడదామంటే వాట్సాప్‌ల నా నంబరే బ్లాక్ చేసినవ్. ఏందిరా గీ లొల్లి? అందుకే కాయితం పట్టిన. చింపకు, చదువు. మన రాజీ తర్వాత, ముందుగాల పెట్టెల సంగతి ఇను.

రేపు నీకు తేనెటీగలు వస్తయి. జుమ్మేరాత్ బజార్ల కొన్న ఆ పాత పెట్టెలల్ల వాటిని ఎయ్యకు, నీకు దండం పెడత. ఆరోజు చూపియ్యనీకి ఒకటి మోసుకొస్తివి కదా, మూత తీసి చూసిన. లోపల పాత తెట్టెలు నల్లగ గుంటలు పడ్డయ్, కుళ్ళిన చేప వాసన. అండ్లున్న ఈగలు రోగమొచ్చి సచ్చినయ్. ఆ రోగం కట్టెల ఏండ్లకేండ్లు దాక్కొని ఉంటది. అమ్మినోడు ఎగిరిపోయినయన్నడట. అనక ఏం చేస్తడు వాడు!

నువ్వేమో సబ్బుతోని కడిగిన, ఎండకు పెట్టిన, లోబాన్ పొగ గూడ ఏసిన అంటివి. పొగకు దిష్టి పోతదేమో గని రోగం పోతదారా పిచ్చోడా? ఆ తెట్టెలు, ఫ్రేములు కాలబెట్టు. మిగిలిన తేనె ఈగలకు పెట్టకు. మైనం అంత గీకు. మీ బావ వెల్డింగ్ షాపుల గ్యాస్ మంట ఉంది కదా, దాంతోని పెట్టె లోపల, మూలమూలల, కట్టె గోధుమ రంగు తిరిగేదాక కాల్చాలె. గీకిన కత్తికి గూడ మంట చూపియ్యాలె. పోయినేడు మా మిద్దె మీద ఈగలు గిట్లనే పోయినయ్.

ఆదివారం గిదే చెప్పబోయిన. ఒకరు వాడి ఇడిసినదాన్ని ఇంట్లకు తెచ్చుకుంటే నిప్పు చూపియ్యాలె అన్న. గంతే. నువ్వేమో ముఖం ఎర్రగ చేసుకొని, షారోన్‌ను గింత మాట అంటవా అని కంచం తోసినవ్. ఆ పిల్లకు ముందు ఒక పెండ్లయి ఇడిపోయిన సంగతి నా నోటెంట ఎన్నడన్న వచ్చిందా? మీ పెండ్లికి మనోళ్ళంత ముఖం చాటేస్తే చర్చిల ముందు వరుసల కూసున్నది ఎవరు?

ఆరోజు నుంచి ఏ పని చెయ్యబుద్ధయితలేదు. కూరల ఉప్పు రెండుసార్లు ఏస్తున్న. గల్లీల బండి ఆగితే నువ్వేనేమోనని ఉరికొచ్చి చూస్తున్న. మీ బావకు నవ్వులాట అయింది. ఒక్కసారి ఫోన్ ఎత్తు నాయనా.

నీ మేలు కోరే అక్క,
రాహేలు

తా.క.: కాయితం మడుస్తుంటే ఆటో ఆగింది. నువ్వు కాదు, షారోన్! పెట్టెలన్ని ఏసుకొని వచ్చింది, నీకు చెప్పలేదట. ఇద్దరం మిద్దె మీద గీకినం, షాపుల గ్యాస్ మంట తెప్పిచ్చి కాల్చినం. తెట్టెలు పాత డబ్బాల ఏసి బూడిద చేసినం. ఆమె చున్నీకి మసి, నా చేతికి బొబ్బ. కొత్త ఫ్రేములు మీ బావ తెస్తుండు. ఈగలకు ఇగ ఫికర్ లేదు. గీ కాయితం ఆమె చేతికే ఇస్తున్న.

పోనీకి లేస్తా ఒక్క మాట అడిగింది. వదినె, మీరు వాడినది అనంగనే నేను పెట్టె దిక్కు చూసిన, ఆయన నా దిక్కు ఎందుకు చూసిండు అని. నువ్వే చెప్పు ఆమెకు.